ముగ్గురాయి



మేముండేది శ్రీహరికోటలో. మావారు ఇక్కడి రాకెట్ కేంద్రం షార్‌లో పనిచేస్తారు. నేను సూళ్లూరుపేట వైపు ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. నా పుట్టిల్లు చంద్రగిరి. చుట్టూ గుట్టలు, గుండ్లు, కోట ఉన్న కొండ. మా ఇంటి గడప రాయి, వాకిట్లో అరుగు రాయి, బావి వొర రాయి. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక ఈ దీవికి వస్తే మొదట్లో ఏదో వెలితిగా ఉండేది. అదేమిటో తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. ఇక్కడ రాయి లేదు.

తవ్వితే ఇసుక, ఇంకా తవ్వితే ఇంకా ఇసుక. పడమట పులికాట్ సరస్సు, తూర్పున బంగాళాఖాతం, మధ్యలో అలలు వేల ఏళ్లుగా ఎత్తిపోసిన ఇసుకదిబ్బ. సరుగుడు, జీడిమామిడి, తాటిచెట్లు దాన్ని పట్టుకుని నిలబెట్టాయి. ఇంటి పునాదికి వేసే కంకర దగ్గర్నుంచి పచ్చడి నూరే రోలు దాకా ప్రతి రాయీ సరస్సు దాటి రావలసిందే. సూళ్లూరుపేట నుంచి అటకానితిప్ప మీదుగా నీళ్ల నడుమ వేసిన రోడ్డు ఉంది చూడండి, రాకెట్ భాగాలూ దాని మీదే వస్తాయి, రోళ్లూ దాని మీదే వస్తాయి. మా అమ్మ సారెతో పంపిన రోలు ఇప్పటికీ మా పెరట్లో ఉంది. పుట్టింటి మీద బెంగ కలిగినప్పుడు వెళ్లి దాని మీద చెయ్యి వేసేదాన్ని. వేసవిలోనూ చల్లగా ఉండేది.

రాయి లేని చోట నుంచి బయల్దేరి, ఒక వానరోజున, అనుకోకుండా, నేను ఎన్నడూ ఎరగనంత బరువైన రాయి ఉన్న చోటికి వెళ్లాం. ఈ పూట ఆ సంగతి చెబుతాను.

నిరుడు కార్తీకమాసంలో ఒక ఆదివారం. రాజంపేటలో మావారి పెద్దమ్మగారి మనవడు ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశం. ముహూర్తం పదిన్నరకు. తెల్లవారీ తెల్లవారకముందే కారులో బయల్దేరాం, మేమిద్దరమే. మా పక్క కార్తీకం అంటే వానలే. మాకు పెద్ద వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనాలు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందంటే రేడియో చెప్పకముందే మా సరుగుడు చెట్లు చెప్పేస్తాయి, వాటి హోరు మారుతుంది. ఆ రోజు సరస్సు రోడ్డు ఎక్కేసరికి నీళ్లేవో ఆకాశమేదో తెలియడం లేదు, అంతా ఒకటే బూడిదరంగు. ఆ మసకలో, రోడ్డుకు కాస్త దూరంగా, ఫ్లెమింగోలు గుంపులుగా ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. మెడలు వీపుల్లో దాచుకుని, వాన వాటి మీద పడుతున్నట్టే లేనంత నిశ్చలంగా ఉన్నాయి.

నాయుడుపేట దాటాం, శ్రీకాళహస్తి దాటాం. స్వర్ణముఖి ఎర్రటి నీళ్లతో నిండుగా పారుతోంది. ఎండిన ఇసుకలోనే ఎక్కువగా చూసిన నది అలా కనిపిస్తే ఆగి చూడకుండా ఎలా ఉంటాం? రెండు నిమిషాలు ఆగాం. రేణిగుంట దగ్గర కడప రోడ్డు పట్టాం. అక్కడినుంచి ఎడమచేతి వైపు శేషాచలం కొండలు కూడా వస్తాయి.

ఆ కొండల గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. తిరుమల కొండను కింద నుంచి చూసినవాళ్లకు తెలుసు. అడుగున గుండ్రాళ్లు, చెట్లు, వాలు. పైన మాత్రం కత్తితో కోసినట్టు నిలువు గోడ. కింద ఉన్నది గ్రానైటు, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. పైన గోడలా నిలిచింది ఒకప్పటి సముద్రతీరపు ఇసుక, అణిగి అణిగి గట్టిపడి రాయైంది. ఆ రెంటికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూవిజ్ఞానులు లెక్కగట్టారు. అంత కాలంలో ఇక్కడ ఏం జరిగిందో చెప్పే పొర ఒక్కటీ మిగల్లేదు. పుస్తకంలో నడుమ కాగితాలు చిరిగిపోయినట్టు. ఘాట్ రోడ్డులో ఆ అతుకు కనిపించే చోటును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. మోకాళ్ల పర్వతం ఎక్కేటప్పుడు గోవిందా గోవిందా అంటూ మనం ఆ ఖాళీకి చాలా దగ్గర్లోనే నడుస్తాం. నాకు మాత్రం ఆ గోడను చూసినప్పుడల్లా శ్రీహరికోట గుర్తొస్తుంది. మా కాళ్ల కింద వదులుగా జారే ఇసుకే కదా, కాలం పెట్టి కాలిస్తే అలా నిలబడేది.

మామండూరు, కుక్కలదొడ్డి, బాలపల్లె. రెండు పక్కలా అడవి. తడిసిన ఎర్రచందనం చెట్ల మానులు నల్లగా, మొసలి వీపుల్లా ఉన్నాయి. వాన ఇంకా పెరిగింది. రైల్వేకోడూరు చేరేసరికి తొమ్మిది దాటింది. టీ తాగుదామని రోడ్డు పక్క బంకు ముందు ఆపాం. టీ పోస్తున్న పెద్దమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి అడిగింది.

"ఇంత వానలో యాడికి పోతా ఉండారమ్మా?"

"రాజంపేటకు, పెద్దమ్మా. గృహప్రవేశం."

"పోలేరమ్మా. ముందర వంక పొంగి రోడ్డు మీదికి వచ్చిండాదంట. బస్సులు గూడా యాడివాడ నిలబడిపోయినాయి. ఈడనే ఉండండి కాసేపు."

ఆమె గొంతులో బతిమాలుతున్నట్టున్న ఆ ఆత్రం ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. 2021 నవంబరు 19న, సరిగ్గా ఇలాంటి కార్తీకపు వానల్లోనే, రాజంపేట దగ్గర చెయ్యేటి మీద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. తెల్లవారుజామున వచ్చిన నీరు పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ముంచెత్తింది. దీపాలు వెలిగించడానికి గుడికి వెళ్లినవాళ్లు కొందరు తిరిగి రాలేదు. ఈ చుట్టుపక్కల మనుషులకు వాన అంటే అప్పటినుంచీ మునుపటి వాన కాదు. మావారు రాజంపేటకు ఫోన్ చేశారు. పెద్దమ్మగారే మాట్లాడారు. "రావద్దు నాయనా, మీరు బాగుంటే అదే మాకు పదివేలు. ప్రసాదం పంపిస్తాంలే" అన్నారు.

ముహూర్తం తప్పిపోయింది. వెనక్కి తిరగాలంటే మనసొప్పలేదు. బంకు కింద బెంచీ మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాను. లారీలు వరసగా పోతున్నాయి, పైన టార్పాలిన్లు బిగించి. ఒక్కో లారీ చక్రాల కింద నుంచి చిమ్మే నీళ్లు ఎర్రగా లేవు. ఈ నేల ఎర్రది, నీళ్లు ఎర్రగా ఉండాలి. అవి తెల్లగా ఉన్నాయి, బియ్యం కడిగిన కుడితిలా.

"ఏమండీ, ఆ నీళ్లేమిటి అలా ఉన్నాయి?" అన్నాను.

మావారు చూసి, "ముగ్గురాయి లారీలు. మంగంపేట నుంచి వస్తున్నాయి" అన్నారు. తర్వాత కాస్త ఆగి, "కాలేజీలో నా రూమ్మేటు ఆ ఊరివాడే. సెలవులకు వెళ్లొచ్చినప్పుడల్లా చెప్పేవాడు, మా ఊళ్లో అగ్నిపర్వతం ఉందిరా అని. మేమెవరం నమ్మలేదు. దగ్గరే. చూస్తావా?" అన్నారు.

పిల్లలకు అగ్నిపర్వతాల పాఠం నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఇటలీలో వెసూవియస్, జపాన్‌లో ఫ్యూజీ, హవాయి దీవులు. బోర్డు మీద శంఖం ఆకారం గీసి, నడుమ గొట్టం గీసి, ఎర్ర సుద్దముక్కతో లావా కారుస్తాను. మా ఇంటి నుంచి కారులో మూడు గంటలు వస్తే చేరే చోట అలాంటిదేదో ఉందంటే, నేను చెప్పలేదు, నాకెవరూ చెప్పలేదు. లేచి నిలబడ్డాను.

కోడూరు దాటితే అరటితోటలు, బొప్పాయి తోటలు, మామిడి. పచ్చదనం వానకు మరింత చిక్కబడి ఉంది. వంక పొంగిన చోటుకు చాలా ముందే మంగంపేట దారి. తోటల పచ్చ ఒకచోట హఠాత్తుగా ఆగిపోయి, ఎదుట కొండలు మొదలయ్యాయి. అవి కొండలు కావు. గనిలోంచి తీసి పోసిన మట్టి, రాయి. నల్లటి పలకరాళ్లు గుట్టలు గుట్టలుగా, తడిసి, ఇనుములా మెరుస్తున్నాయి. వాటి నడుమ బూడిదరంగు రాతి పోగులు. మిల్లుల రేకుల షెడ్లు, గోడలు, పక్కన వేపచెట్ల ఆకులు, అన్నిటి మీదా పేరుకున్న తెల్లటి పొడిని వాన కడుగుతోంది. కాలవలో పాలలాంటి నీళ్లు. గని లోపలికి అనుమతి లేకుండా ఎవరూ పోకూడదు, మేమూ పోలేదు. ఆ గుట్టల ఎత్తును బట్టి గొయ్యి లోతును ఊహించుకోవడమే. ఎంత లోతుంటే ఇంత ఎత్తు పోయాలి!

పొగ లేదు, నిప్పు లేదు, శంఖం ఆకారం అసలే లేదు. కానీ నిలబడ్డ చోటు మామూలు చోటు కాదని ఒళ్లు చెప్పింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేని ఆ నలుపు తెలుపుల మధ్య మేమిద్దరం ఒకే గొడుగు కింద చాలాసేపు నిలుచున్నాం.

ఒక మిల్లు షెడ్డు కింద పెద్దాయన ఒకరు కూర్చుని బీడీ కాలుస్తున్నారు. ఆదివారం, పని లేదు. మమ్మల్ని లోపలికి పిలిచి గోనెపట్ట పరిచారు. ఎక్కడినుంచి వచ్చామో చెబితే, "రాకెట్ల ఊరా?" అని సంతోషపడ్డారు. తర్వాత లేచి వెళ్లి, మూలనున్న పోగులోంచి ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. కొబ్బరికాయలో సగం ఉంటుందేమో. నా చెయ్యి కిందికి వంగిపోయింది. రెండో చేత్తో పట్టుకోవలసి వచ్చింది. నేను రాళ్ల ఊళ్లో పుట్టినదాన్ని. ఏ సైజు రాయి ఎంత బరువుంటుందో నా చేతికి తెలుసు. ఈ రాయి ఆ లెక్కకు లొంగలేదు.

"ఎవురికిచ్చినా అట్లనే అంటారు తల్లీ" అన్నారు పెద్దాయన. "మా చిన్నప్పుడు దీన్ని నూరి వాకిట్లో ముగ్గులేసేటోళ్లు. అందుకే ముగ్గురాయి అంటాం. తర్వాత కంపెనీలు వచ్చి, బెరైటీస్ అన్న్యారు, దేశాలకు పంపిస్తామన్న్యారు. రాయి అదే."

బెరైటీస్ అన్న పేరు బరువు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. లీటరు చెంబు పట్టేంత గ్రానైటు రెండు కిలోల ఏడువందల గ్రాములు తూగితే, అంతే పరిమాణపు స్వచ్ఛమైన బెరైటీస్ నాలుగున్నర కిలోలు తూగుతుంది. దీనికి ఇంత బరువు ముఖ్యంగా బేరియం అనే లోహం వల్ల. ఈ బేరియం ఇక్కడికి ఎలా వచ్చిందన్నదే అసలు కథ. ఇంటికి వచ్చాక వారం రోజులు మావారూ నేనూ కూర్చుని చదివిన దాన్ని నాకు అర్థమైన మాటల్లో చెబుతాను.

వంద కోట్ల ఏళ్లకు ఎంతో ముందు సంగతి. కడప, కర్నూలు, ఇప్పటి నల్లమల, శేషాచలం, ఇవన్నీ అప్పుడు ఒక లోతట్టు సముద్రం. చేప లేదు, నాచు కంటే పెద్ద ప్రాణి లేదు. ఆ సముద్రానికి అడుగున భూమి పలచబడి, పగుళ్లిచ్చి, కింది వేడి పైకి ఎగదన్నుతూ ఉండేది. పులివెందుల, తాడిపత్రి ప్రాంతాల్లో ఆ రోజుల్లో పైకి ఉబికిన లావా పొరలు, రాతి పొరల మధ్య దూరి గడ్డకట్టిన శిలాద్రవం ఇప్పటికీ కనిపిస్తాయి. పులివెందుల దగ్గరి అలాంటి ఒక పొర వయసు 188 కోట్ల ఏళ్లని తేల్చారు. మంగంపేట దగ్గర ఆ వేడి మరో రూపంలో బయటపడింది. సముద్రపు అడుగున పగుళ్లలోంచి మరిగే నీరు పైకి చిమ్మింది. ఆ నీళ్లలో బేరియం కరిగి ఉంది. సముద్రపు నీటిలో సల్ఫేటు ఉంది. ఆ రెండూ కలవగానే, మరిగే పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుందో అదే అయింది. విరిగింది. బేరియం సల్ఫేటు నీళ్లలో కరగదు. తెల్లగా, బరువుగా, అడుగుకు దిగి పేరుకుంది. ఆ పేరుకున్న దాని మధ్యలోకి అగ్నిపర్వతపు బూడిద కూడా వచ్చి పడింది. మీద నల్లటి బురద కప్పింది. ఆ బురదే నేను చూసిన నల్ల పలకరాయి. దాన్ని పుల్లంపేట పలకరాయి అంటారు, పక్కనే ఉన్న ఊరి పేరు మీద.

నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. ఈ నిల్వలో కొంత భాగం చిన్న చిన్న గుండ్ల రూపంలో ఉంటుంది, సెనగగింజలు పోగుపోసి అతికించినట్టు. అగ్నిపర్వతాలు పేలేచోట గాలిలోకి ఎగసి పడే రాతి తునకలకు వాడే పేరునే పరిశోధకులు వీటికీ వాడారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1851లో పుట్టింది. అది దేశం మొత్తంలో ఏరి గుర్తించిన జాతీయ భూవిజ్ఞాన స్మారకాల్లో మంగంపేట ఒకటి. అగ్నిపర్వత క్రియ వల్ల పొరలుగా ఏర్పడిన బెరైటీస్ అని దాని పేరులోనే రాసింది. తిరుమల శిలాతోరణం కూడా ఆ జాబితాలో ఉంది. శిలాతోరణం ముందు ఫొటో దిగని వాళ్లు మా బంధువుల్లో లేరు. మంగంపేట చూసినవాళ్లు, నేను అడిగినంతలో, ఒక్కరూ లేరు.

ఇక్కడ మొదట్లో లెక్కగట్టిన నిల్వ 7 కోట్ల టన్నులకు పైగా. ఒకేచోట ఇంత రాశి ప్రపంచంలో మరెక్కడా లేదంటారు. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్విస్తోంది. ఎక్కువ భాగం పోయేది చమురు బావులకు. భూమిలోకి వేల అడుగులు బోరు వేసేటప్పుడు కింద గ్యాసు, నూనె ఒత్తిడితో పైకి తన్నుకొస్తాయి. వాటిని అణచి పట్టడానికి గొట్టంలోకి బురద పంపిస్తారు. ఆ బురద బరువుగా ఉండాలి. దాంట్లో కలిపేది ఈ ముగ్గురాతి పిండి. అంటే, సముద్రం అడుగున వేడి ఎగదన్నితే పుట్టిన రాయిని తీసుకెళ్లి, మళ్లీ భూమిలోంచి ఎగదన్నే దాన్ని ఆపడానికి వాడుతున్నారు. ఇంకో చిన్న వాడకం మనలో చాలామంది కడుపులోకి పోయింది. కడుపు ఎక్స్‌రేకి ముందు తాగిస్తారే తెల్లటి సుద్దనీళ్లు, అది ఇదే పదార్థం. కరగదు కాబట్టి ఒంటికి పట్టదు, ఎక్స్‌రే కిరణాలను ఆపుతుంది కాబట్టి పేగు ఆకారం చూపిస్తుంది. మా మామగారికి తాగించినప్పుడు ఆయన, "ముగ్గుపిండి నీళ్లలా ఉందమ్మా" అన్నారు. నేను అప్పుడు మామూలు మాట అనుకున్నాను.

పెద్దాయనను అడిగాను, ఇక్కడి బతుకు ఎలా ఉంటుందని. ఆయన కాస్త ఆలోచించి, "ఈ రాయే కూడు పెట్టింది, ఈ రాయే దగ్గు పెట్టింది" అన్నారు. గని పెరిగేకొద్దీ చుట్టుపక్కల పల్లెలు కదలవలసి వచ్చింది. పేలుళ్లకు ఇళ్ల గోడలు బీటలు వారాయి. పిండి మిల్లుల్లో పనిచేసినవాళ్ల ఊపిరి మాటేమిటి? ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆయన ముప్పయ్యేళ్లు పనిచేశారట. ఎక్కడో ఎడారిలో చమురు బావి తవ్వేవాళ్లకు ఈ పేరు తెలుసు, ఈ రాయి విలువ తెలుసు. దాన్ని పిండి చేసిన మనిషి ఛాతీకి ఏడాదికోసారి అదే ఎక్స్‌రే తీయించే ఏర్పాటు ప్రతి మిల్లులోనూ ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఈ మాట రేడియోలో చెప్పగలిగినందుకు నాకు తృప్తిగా ఉంది.

వాన కాస్త తెరిపిచ్చింది. లేవబోతుంటే పెద్దాయన ఆ ముక్కను కాగితంలో చుట్టి ఇచ్చారు. "పిల్లోళ్లకు చూపించు తల్లీ" అన్నారు. నేను టీచర్నని మాటల్లో చెప్పాను, ఆయన గుర్తుపెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. నాకు మనసులో ఒకటే తిరుగుతోంది. రాయలసీమ అంతా అడుగున ఇలాంటి నిప్పు కథలతోనే నిండి ఉందా? అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర కింబర్లైటు గొట్టాలున్నాయి. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట భూమిలో వంద కిలోమీటర్లకు పైగా లోతునుంచి శిలాద్రవం వేగంగా చీల్చుకు వచ్చి వదిలిన గొట్టాలవి. దారిలో తగిలిన వజ్రాలను పైకి మోసుకొచ్చింది. తొలకరి వానలకు పొలాల్లో మట్టి కొట్టుకుపోగానే జొన్నగిరి, తుగ్గలి పక్క జనం పిల్లాపాపలతో వచ్చి చేలల్లో వంగి వెతుకుతారు. వాళ్లను పత్రికల్లో చూసి ఆశపోతు జనం అనుకున్నాను ఒకప్పుడు. ఆ రోజు కారులో కూర్చుని ఆ మాట వెనక్కి తీసుకున్నాను. వానకు బయటపడ్డ అగ్నిపర్వతపు తునకల కోసమే కదా వాళ్లు వంగేది. నా ఒళ్లో మాత్రం ఉన్నదేమిటి?

శ్రీకాళహస్తి దాటాక మావారు ఒక సంగతి చెప్పారు. 2013 నవంబరు 5న మా శ్రీహరికోట నుంచి లేచిన మంగళయాన్, మరుసటి ఏడాది సెప్టెంబరులో అంగారకుణ్ణి చేరింది. దాని కెమెరా పంపిన ఫొటోల్లో అర్సియా మోన్స్ అనే పెద్ద అగ్నిపర్వతం ఉంది, నడిమి గొయ్యి స్పష్టంగా కనిపిస్తూ. ఆ ఫొటో చూసిన రోజు తమ సెక్షన్లో అందరూ స్వీట్లు పంచుకున్నారట. "కోట్ల కిలోమీటర్ల దూరపు అగ్నిపర్వతం ముందు చూశాను. నా స్నేహితుడి ఊరిది ఈవేళ చూశాను" అన్నారు. ఆయన గొంతు కాస్త బరువెక్కింది. ఆ స్నేహితుడు ఇప్పుడు లేడు. వాడి మాట నమ్మి ఒక్కసారి వాడితో వచ్చి ఉండవలసిందని ఆయన బాధ. నేను ఆయన చేతి మీద చెయ్యి వేశాను. సూళ్లూరుపేట దాకా అలాగే ఉంచాను.

సరస్సు రోడ్డు ఎక్కేసరికి చీకటి పడింది. వాన పూర్తిగా ఆగిపోయింది. నీళ్ల మీద అటకానితిప్ప దీపాలు వణుకుతున్నాయి. ఫ్లెమింగోలు కనిపించలేదు గానీ చీకట్లో వాటి గొంతులు వినిపించాయి.

ఆ వారమే రాయిని స్కూలుకు తీసుకెళ్లాను. ఎనిమిదో తరగతి. పులికాట్ ఒడ్డు పల్లెకారుల పిల్లలు, సూళ్లూరుపేట పిల్లలు. ఈసారి బోర్డు మీద శంఖం గీయలేదు. రాయిని మొదటి బెంచీలో పిల్లకు ఇచ్చి, చేతులు మారుస్తూ వెళ్లమన్నాను. ఎవరూ ముందు చెప్పకపోయినా అందరి చేతులూ మంగంపేటలో నా చెయ్యి వంగినట్టే వంగాయి. ఒక్కొక్కరూ ఒకసారి నవ్వి, రెండో చెయ్యి కింద పెట్టి పట్టుకున్నారు. ఆఖరు బెంచీలో ఒక పిల్లవాడు, వాళ్ల నాన్న రొయ్యలకు పోతాడు, దాన్ని చాలాసేపు చేతిలో ఊపి చూశాడు.

"టీచర్, దీన్ని చిన్నచిన్న గుండ్లు చేసి వలకు కడితే సీసం కొనే పనిలేదు. వల బాగా కిందికి దిగద్ది" అన్నాడు.

చమురు బావికి వాడేవాళ్ల ఆలోచన కూడా అదేనని చెప్పాను. వాడికి ఎంత గర్వం వచ్చిందో! తర్వాత కథంతా చెప్పాను, మరిగే నీళ్లు, విరిగిన పాలు, బూడిద, నల్ల బురద. క్లాసులో అంత నిశ్శబ్దం నేను తక్కువసార్లు విన్నాను. చివర్లో కిటికీ పక్క కూర్చునే అమ్మాయి చెయ్యెత్తింది.

"మరి ఆ మంట ఇప్పుడు ఎక్కడికి పోయింది టీచర్?"

మంగంపేట మంట ఎప్పుడో చల్లారిపోయిందని చెప్పాను. మండుతున్నది చూడాలంటే మన దేశంలో ఒక్కటే ఉందన్నాను. గోడ మీద పటం దగ్గరికి పిలిచాను. శ్రీహరికోట మీద వేలు పెట్టమన్నాను. అక్కడినుంచి తూర్పుగా, కాస్త దక్షిణానికి వాలుతూ, నీళ్ల మీదుగా వేలు జరుపుకుంటూ పొమ్మన్నాను. 1400 కిలోమీటర్లకు పైగా సముద్రం. ఆ అమ్మాయి వేలు మెల్లగా జరిగి జరిగి, అండమాన్ దీవులు దాటి, ఒక చిన్న చుక్క దగ్గర ఆగింది. బారెన్ ద్వీపం. 1787లో అది నిప్పు కక్కడం నావికులు చూసి రాశారు. తర్వాత చాలా ఏళ్లు నిద్రపోయి, 1991లో మళ్లీ లేచింది. అప్పటినుంచి ఉండి ఉండి పొగ, బూడిద కక్కుతూనే ఉంది.

ఆ అమ్మాయి వేలు తీయకుండా కిటికీలోంచి సముద్రం ఉన్న దిక్కు చూసింది.

"మా ఇంటికి ఎదురుగానే ఉందా టీచర్?" అంది.